ఎడమ పక్క ముందు టైరు

టైరు ఒక పక్కనే అరిగిందని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. ఇది విన్నవాళ్లు నవ్వుతారని తెలుసు. మొన్న మా బిడ్డ స్వప్న నిజామాబాదులో తన కారును టైర్ల దుకాణానికి తీసుకుపోతూ, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏం చేస్తావని నన్ను కూడా ఎక్కించుకుంది. అక్కడ చక్రాలకు పలకల్లాంటివేవో తగిలించి, కంప్యూటరు ముందు నిలబడ్డ మనిషి తెర వైపు చూసి, "మేడం, ముందల ఎడమ టైరు లోపలి దిక్కు అరిగింది, అలైన్‌మెంటు పోయింది" అన్నాడు. టీలో చక్కెర తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. నేను మాత్రం గబుక్కున స్వప్న ఎడమ చేయి పట్టుకుని, "నీ చెయ్యి మంచిగనే ఉన్నదా?" అని అడిగాను. అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. దుకాణం వాళ్లు వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పని అయ్యేదాకా దానికి ఈ కథ చెప్పాను. మధ్యలో దాని ఫోను మోగుతూనే ఉండడంతో సగమే చెప్పగలిగాను. మిగతా సగం కోసమే ఇప్పుడు ఇలా కాగితం ముందు పెట్టుకున్నాను.

అప్పుడు మేము బోధన్‌లో ఉండేవాళ్లం. ఇంట్లో నలుగురమే: నేను బాపు అని పిలిచే నాన్న, ఆయనను కన్న అవ్వ, అమ్మ, నేను. బాపు చక్కెర ఫ్యాక్టరీ వాళ్ల చెరుకు విభాగంలో పనిచేసేవాడు. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ఎవరి చెరుకు కోతకు వచ్చిందో, ఎవరిది ఇంకా ఆగాలో చూసి చెప్పడం ఆయన పని, అందుకే రైతులు గౌరవంగా పటేలా అని పిలిచేవాళ్లు. నేను మెట్రిక్ పాసై, రోజూ పొద్దుటి రైలుకు నిజామాబాదు పోయి కాలేజీలో పి.యు.సి. చదివేదాన్ని. చెరుకు ఆడే కాలం వచ్చిందంటే ఊరి గాలే మారిపోయేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చెరుకు మడ్డి వాసన తీపిగా మొదలై ముక్కులోకి పోయేసరికి పులిసేది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, మాకు ఆ వాసన లేకపోతేనే ఏదో తక్కువైనట్టు ఉండేది. గాలి ఫ్యాక్టరీ వైపు నుంచి వీచిన రోజు అమ్మ తెల్ల బట్టలు ఆరేసేది కాదు, పొగగొట్టం నుంచి నల్లటి మసి రేకులు రాలి అంగీల మీద వాలేవి. అవ్వకు గడియారం చూడటం రాదు. సైరను కూతను బట్టి పొయ్యి మీద అన్నం పెట్టించేది, ఇంకో కూతకు బాపు రాలేదని గొణిగేది. కొట్టంలో బర్రెల వాసన, పొయ్యి దగ్గర కాలుతున్న జొన్న రొట్టె వాసన, వీటి మధ్యన పెట్రోలు వాసన కూడా ఉండేది మా ఇంట్లో. ఊళ్లో ఇంకెవరింట్లోనూ ఆ వాసన లేదు.

ఎందుకంటే మాకు కారు ఉండేది. ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన తెల్ల ఇంజనీరు ఒకాయన తన దేశానికి పోతూ వదిలేసి పోయిన కారు అది. వేపాకు రంగు, పొడుగాటి ముక్కు, పైన కప్పు లేదు, సీట్లు రెండే రెండు. ఇంటినిండా మనుషులుండే మన ఊళ్లలో రెండు సీట్ల కారు ఎవరికి కావాలి? ఎవరూ అడగలేదు. బాపు మాత్రం ఆ కారు ఫ్యాక్టరీ కాలనీ రోడ్డు మీద పోతుంటే ఎన్నో ఏళ్లుగా సైకిలు ఆపి మరీ చూసేవాడట. ఇంజనీరు పోయేముందు ఆయనే వెళ్లి అడిగి తెచ్చుకున్నాడు. అవ్వ దాన్ని చూసి, "గిదేంది కొడుకా, సగమే తెచ్చినవు? మిగిలిన సగం ఏది?" అన్నది. ఆ రోజు నుంచి ఊరంతా దానికి సగం కారు అనే పేరు. అది ఎంత పొట్టిదంటే అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. కూర్చుంటే మన కళ్లు ఎద్దుల మోకాళ్లకు సరిగ్గా వస్తాయి. చెరుకు బండ్ల పక్కనుంచి పోతుంటే వేలాడే ఆకులు తలకు తగిలి జుట్టు పీక్కుపోయేవి. పొద్దున బాపు ఊళ్లకు పోయేటప్పుడు నన్ను స్టేషను దగ్గర దించేవాడు. రెండో సీటు నాది. ఆ సీట్లో కూర్చుని స్టేషనుకు పోతుంటే నా అంత గొప్పది బోధన్‌లో లేదని అనుకునేదాన్ని.

ఇక అవ్వ సంగతి చెప్పాలి. మా అవ్వ చెప్పులు చదివేది. కుట్టుపనికి ఇచ్చేముందు ఇంటిల్లిపాది చెప్పులు గచ్చు మీద బోర్లా పెట్టించి, ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, అరిగిన చోట బొటనవేలితో రాస్తూ చూసేది. మడమ దగ్గర అరిగితే మనిషికి తొందర ఎక్కువ, వేళ్ల దగ్గర అరిగితే ఏదో దాస్తున్నట్టు, అంచు అరిగితే నడుము నొప్పి. నా చెప్పు ఒకసారి వేళ్ల దగ్గర అరిగిందని, "కాలేజీల ఎవలకు భయపడి మునివేళ్ల మీద నడుస్తున్నవే?" అని నిలదీసింది. నేను భయపడేది లెక్కల సారుకు. పక్కింటి వాళ్లు కూడా తమ చెప్పులు పట్టుకొచ్చి చూపించుకునేవాళ్లు. మేమంతా నవ్వేవాళ్లం గాని, ఒక్క విషయంలో నవ్వేవాళ్లం కాదు. తాత ఎడమ కాలి చెప్పు లోపలి పక్కనే అరుగుతున్నదని అవ్వ కొన్ని నెలల ముందే చూసిందట. చూసి ఊరుకున్నది. ఒక పొద్దున తాత బర్రెలు తాగే కుడితి గోలెం దగ్గర పడిపోయాడు. ఎడమ కాలు, ఎడమ చేయి రెండూ పోయాయి. పక్షవాతం. ఆ తర్వాత ఆయన మంచం మీదనే ఏళ్ల తరబడి ఉన్నాడు. అవ్వ అన్నం కలిపి నోట్లో పెట్టేది, మూతి వంకర పోయిన పక్క నుంచి కారితే కొంగుతో తుడిచేది. ఆయన పోయినాక కూడా అవ్వ అదే మాట తలుచుకుని బాధపడేది, "ఎరుకై గూడ నోరు తెరవకపోతిని" అని.

ఒకనాడు కారుకు పంక్చరైంది. బస్టాండు దగ్గర పంక్చర్లు వేసే మనిషి చక్రం ఊడదీసి, ఎడమ పక్క ముందు టైరు లోపలి అంచు గుండుగా నున్నగా అయిపోయిందని, మిగతా భాగంలో గీతలు ఇంకా మంచిగనే ఉన్నాయని చూపించాడట. బాపు ఆ టైరు తీసేయించి స్టెప్నీ బిగించుకున్నాడు. పాత టైరు కారు వెనక వేసుకుని వచ్చి, నీళ్ల తొట్టి పక్కన పెట్టాడు. అవ్వ దాని దగ్గరికి పోయింది. కూర్చుంది. బొటనవేలితో రాసింది. అప్పుడు నేను అక్కడే జడ వేసుకుంటున్నాను. అవ్వ బొటనవేలు ఒక్కచోట ఆగిపోవడం చూశాను. "గిది ఏ దిక్కుది?" అని అడిగింది. ఎడమ దిక్కుదని చెప్పాడు బాపు. "లోపల్నా, బయటనా?" లోపల అన్నాడు. ఆమె లేచింది. లోపలికి పోయి అమ్మను పిలిచింది. ఇద్దరూ చాలాసేపు బియ్యం గదిలో మాట్లాడుకున్నారు.

అమ్మ మొదట నమ్మలేదు. టైరుకు, మనిషికి ఏం సంబంధమని అనుకున్నది. కానీ కొన్నాళ్లకు కొత్తగా బిగించిన స్టెప్నీ కూడా సరిగ్గా అదే చోట, లోపలి అంచున, నున్నబడటం మొదలుపెట్టింది. అవ్వ రోజూ పోయి చూసేది. "టైరు మార్చినా అరుగుడు మారలే గద. మరి మారందేంది? మనిషి. వాడు ఎడమ దిక్కు ఒరుగుతున్నడు. వాళ్ల నాయిన లెక్కనే. మనిషి ఎట్ల ఒరిగితే బండి గట్లనే ఒరుగుతది, వాడు పట్టుకున్న చక్రం గద అది" అన్నది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు వస్తుంది గాని, ఆ ఇంట్లో, తాత మంచం ఇంకా గోడకు చేరవేసి ఉన్న ఇంట్లో, ఆ లెక్క తప్పని ఎవరు చెప్పగలరు? ఈసారి ఆమె నోరు మూసుకోదలచుకోలేదు. బాపును ఎదురుగా కూర్చోబెట్టి అంతా చెప్పింది. బాపు గట్టిగా నవ్వాడు. "నాకేమైందవ్వా, గుండులెక్క ఉన్న" అన్నాడు. అవ్వ ఏడ్చింది. ఆమె ఏడుపు మాన్పించడానికి డాక్టరు దగ్గరికి పోయి వచ్చాడు. డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి, చేతులు పిడికిలి పట్టించి, ఏమీ లేదన్నాడట. "మీ నాయినకు గూడ పడే ముందల గట్లనే అన్నరు" అన్నది అవ్వ. దాంతో డాక్టరు మాట కూడా పనికిరాకుండా పోయింది.

బాపు నిజంగానే పట్టించుకోలేదని అనుకున్నాను. ఒక పొద్దున వెనక వాకిట్లోకి పోతే, ఆయన నిండు నీళ్ల ఇత్తడి బిందెను ఎడమ చేత్తో పైకెత్తి, అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేయి వణుకుతున్నది, బరువుకే కావచ్చు. నన్ను చూసి, "నీళ్లు బరువుగున్నయా లేవా అని సూస్తున్న బిడ్డా" అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు సరిగా రాలేదు. అప్పటి నుంచి గమనిస్తే, గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో పళ్లన్నీ కనబడేలా నవ్వి, మూతి రెండు పక్కలా సమంగా ఉందో లేదో చూసుకునేవాడు. రొట్టె ఎడమ చేత్తో తుంచబోయి, అవ్వ చూస్తుందని మానుకునేవాడు. నాకు ఆ బిందె చూసిన రోజే భయం పట్టుకుంది. అవ్వ భయపడితే ముసలితనం అనుకోవచ్చు. బాపే భయపడితే ఎవరి దగ్గరికి పోయి చెప్పుకుంటాం? రైల్లో కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం తలకెక్కేది కాదు. తాత మంచం, దాని మీద బాపు. అంతే కనిపించేది.

కారు నడపడం మానమంటే బాపు వినడు. ఆయన పనే తిరగడం. మా రోడ్డు పక్కన ఎడమ దిక్కున చాలా దూరం కాలువ పోతుంది. ఎడమ చేయి పడిపోతే కారు ఏ దిక్కు పోతుందో చెప్పడానికి అవ్వ అవసరం లేదు. అమ్మ అప్పటిదాకా ఆ కారులో ఒక్కసారి కూడా కూర్చోలేదు. అసలు బాపుతో కలిసి బజారుకు పోయిన మనిషే కాదు. ఒక పొద్దున నేను పుస్తకాలు పట్టుకుని వచ్చేసరికి అమ్మ నెత్తి మీద కొంగు కప్పుకుని, టిఫిను గిన్నె ఒళ్లో పెట్టుకుని నా సీట్లో కూర్చుని ఉన్నది. "నువ్వు నడిచి పో బిడ్డా, ఇగ రోజు నేను పోతా" అన్నది. బాపు నా వైపు, ఆమె వైపు చూశాడు. "నువ్వొచ్చి ఏం చేస్తవే?" అని అడిగాడు. "నీ చెయ్యి పడిపోతే బండి ఆపుత. ఎట్ల ఆపాల్నో సూపియ్యి" అన్నది. బాపు రెండు సీట్ల మధ్యన ఉండే చేతి బ్రేకు చూపించి, ఎట్ల గుంజాలో చెప్పాడు.

ఆ చలికాలమంతా మా అమ్మ ఆ సీట్లోనే తిరిగింది. కుడి చేయి బ్రేకు మీద, ఎడమ చేయి కొంగు మీద. గతుకు వచ్చినప్పుడల్లా గాజులు ఆ ఇనుప కడ్డీకి తగిలి గలగలమనేవట. చెరుకు చేలల్లో పనిచేసే ఆడవాళ్లు ఆ చప్పుడు విని లేచి నిలబడి చూసేవాళ్లు. కొడవలి నడుముకు ఆనించుకుని, "పటేలు పెండ్లాం షికారు పోతున్నది" అని నవ్వుకునేవాళ్లు. కాలనీలో ఆఫీసర్ల భార్యలు అమ్మను ఫ్యాషను మనిషిగా చూడటం మొదలుపెట్టారు. ఇవన్నీ విని అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. అందుకే ఇంటి ముందు బజార్లో అందరూ చూస్తుండగా కాలు చాపి కారులోకి దిగడం ఇష్టం లేక, వాకిట్లోనే, దర్వాజ లోపలే ఎక్కి కూర్చునేది. వచ్చేటప్పుడు కూడా కారు లోపలికి వచ్చి ఆగినాకే దిగేది. నేనైతే ఎప్పుడూ బయట బజార్లోనే ఎక్కేదాన్ని, పదిమంది చూడకపోతే ఇక ఎక్కడం ఎందుకని. ఇంటి పనులన్నీ అమ్మ తెల్లవారకముందే ముగించేది. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆమె ముఖం మీద దుమ్ము, కళ్లకింద నలుపు. బాపు క్షేమంగా దిగి చెప్పులు విడిచేదాకా ఆమె ఊపిరి పీల్చుకునేది కాదేమో. నాకు సీటు పోయిందని మొదట కోపం వచ్చిన మాట నిజం. తర్వాత తర్వాత ఆమె చేయి ఆ బ్రేకు మీద ఉన్నదన్న ధైర్యంతోనే నేను కాలేజీకి పోగలిగాను.

అమ్మ ఒకసారి నిజంగానే బ్రేకు గుంజిన సంగతి నేను కళ్లారా చూడలేదు. అమ్మ చెప్పింది ఒకటి, బాపు చెప్పింది ఇంకొకటి. నది ఒడ్డు ఊరు కందకుర్తి వైపు పోతున్నారు. ఎదురుగా చెరుకు బండ్లు బారుగా వస్తున్నాయి. బాపు చెప్పిన ప్రకారం చెరుకాకు గీసుకుని మోకాలు దురద పెడితే ఎడమ చేయి కిందికి దించి గోక్కున్నాడు, అంతే. అమ్మ చెప్పిన ప్రకారం చేయి స్టీరింగు చక్రం మీదినుంచి జారి పడిపోయింది. ఆమె రెండు చేతులతో బ్రేకు గుంజింది. కారు గిర్రున తిరిగి, వచ్చిన దారికే ముఖం పెట్టి, కాలువ గట్టు మీద ఆగింది. ఎద్దులు బెదిరి బండ్లు ఆగిపోయాయి. బండి మీదున్న ముసలాయన ఒకాయన దిగి వచ్చి, "ఏంది పటేలా, ఇల్లు యాదికొచ్చిందా?" అని అడిగాడట. అమ్మకు అదేమీ వినబడలేదు. బాపు తన ఎడమ చేయి ఆమె ముఖం ముందు పెట్టి, మూసి తెరిచి, మూసి తెరిచి, "సూడు, ఇగో సూడు, మంచిగనే ఉన్నది గదనే, గోక్కున్ననే" అన్నాడు. అమ్మ ఆ చేయి రెండు చేతులతో పట్టుకుని, అంతమంది బండ్ల వాళ్ల ముందు, నడి రోడ్డు మీద ఏడ్చింది. కొంగు జారిందన్న సోయి కూడా లేదట. ఈ చివరి ముక్క ఇద్దరూ ఒకే రకంగా చెప్పేవాళ్లు.

బ్రేకు తీగ తెగింది. ఆ కారుకు బోధన్‌లో తీగ దొరకదు, నిజామాబాదులో స్టేషను దగ్గర ఇస్మాయిల్ భాయి అనే మెకానిక్కు షెడ్డులో మాత్రమే ఇట్లాంటి కార్ల పని జరిగేది. మర్నాడు బాపు, అమ్మ అక్కడికి వచ్చారు. కాలేజీ అయిపోయి స్టేషనుకు పోతూ నేనూ ఆ షెడ్డుకు పోయాను. అమ్మ బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉంది. తీగ బిగించడం అప్పుడే అయింది. ఇస్మాయిల్ భాయి బీడీ వెలిగించి, అలవాటు కొద్దీ ముందు టైరు మీద చేయి వేసి, "పటేల్ సాబ్, గీ టైరు ఒక్క దిక్కే తిన్నది" అన్నాడు. ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. "మాకెరికే" అన్నది అమ్మ నేల చూస్తూ. ఆయన జాకీ పెట్టి కారు లేపి, చక్రం ఊపి చూశాడు, తీసి చూశాడు, లోపల చేయి పెట్టి తడిమాడు. "చక్రం నిలువుగ లేదు. మీదికెల్లి లోపలికి ఒరిగింది. ఇరుసు వంగింది, గంతే" అన్నాడు.

"ఇరుసా?" అన్నది అమ్మ. "మనిషి కాదా?"

"మనిషేంది, మా?" అన్నాడు ఇస్మాయిల్ భాయి.

అప్పుడు అమ్మ, పరాయి మగాడితో నాలుగు మాటలు ఎన్నడూ మాట్లాడని మా అమ్మ, మొత్తం చెప్పింది. తాత చెప్పు, గోలెం దగ్గర పడటం, అవ్వ లెక్క, మార్చినా మారని అరుగుడు, అన్నీ చెప్పింది. బాపు మధ్యలో ఆపబోయాడు, ఆమె ఆగలేదు. ఇస్మాయిల్ భాయి నవ్వలేదు. బీడీ ఆరిపోయేదాకా విన్నాడు. "మా అబ్బాజాన్ గూడ గట్లనే మంచాన పడ్డడు మా, నాకెరుక గా భయం. గాని గిది అది కాదు. బండి సాబు నడిపినా గిట్లనే అరుగుతది, నేను నడిపినా గిట్లనే అరుగుతది. ఎవలు కూసున్నా అరుగుతది" అన్నాడు. అమ్మ ఆ మాటను మళ్లీ ఒకసారి చెప్పమన్నది. ఆయన మళ్లీ చెప్పాడు. తర్వాత ఇరుసు వైపు వంగి, "ఒక్క దెబ్బకు వంగింది గాదు. దినాం ఒక్క తీరుగ దెబ్బ తగులుతున్నది. ఏడ తగులుతున్నది సాబ్?" అని అడిగాడు. గుంతలై ఉంటాయన్నాడు బాపు. గుంతలైతే రెండు చక్రాలకూ తగులుతాయన్నాడు ఆయన.

అమ్మ డబ్బా మీద నుంచి లేచింది. "గడప! మన దర్వాజ గడప! పొద్దున ఎల్లేటప్పుడు నా కిందనే దడేల్మంటది. రోజు అంటది. నీకు తగలదా?" అన్నది.

మా ఇంటి పెద్ద దర్వాజకు రాతి గడప ఉండేది. రెండు తలుపుల దర్వాజే గాని, ఎన్నో ఏళ్లుగా ఒక్క తలుపే తీసేవాళ్లం. మనుషులు, బర్రెలు అటు పక్కనుంచే నడిచి నడిచి, గడప ఆ సగం నున్నగా దిగిపోయింది. రెండో సగం ఎత్తుగా అట్లే ఉండిపోయింది. కారు వచ్చినాక రెండు తలుపులూ తెరవాల్సి వచ్చింది. కారు సాయంత్రం రివర్సులో లోపలికి వచ్చి వాకిట్లో ఆగేది, పొద్దున ముందుకు పోయేది. పొట్టి కారు కడుపు రాయికి గీసుకోకుండా బాపు కొంచెం ఊపు మీద గడప దాటించేవాడు. ఎత్తుగా ఉన్న సగం ఎడమ చక్రానికి వచ్చేది. బాపు కుడి పక్క కూర్చుంటాడు, ఆయనకు అలవాటైపోయింది. నేను బయటే ఎక్కేదాన్ని. ఎడమ సీట్లో కూర్చుని ఆ గడప దాటిన మనిషి లోకంలో మా అమ్మ ఒక్కతే. సిగ్గుతో లోపలే ఎక్కి ఉండకపోతే ఆ దెబ్బ ఆమెకూ తెలిసేది కాదు. ఇస్మాయిల్ భాయి తలాడించాడు. అమ్మకు నవ్వు మొదలైంది. ఎంతకీ ఆగలేదు, డబ్బా మీద మళ్లీ కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. బాపు అటు తిరిగి, అక్కడ వేలాడుతున్న నూనె గుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. ముఖమంతా నల్లగా అయింది. నాకు ఒళ్లంతా తేలికైపోయి, ఏడవాలో నవ్వాలో తెలియక ఆ షెడ్డు మూలకున్న మేకపిల్లను ఎత్తుకున్నాను.

కారు అక్కడే వదిలి ముగ్గురం రైల్లో వచ్చాం. బాపు మిరపకాయ బజ్జీలు తెచ్చి, పొట్లం ఎడమ చేత్తో పట్టుకుని అందరికీ పంచాడు. ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాం. "రాయిదా? మనిషిది కాదా?" అని అడిగింది. కాదన్నాం. "నిజంగ మనిషిది కాదా?" అని బాపును దగ్గరికి పిలిచి, ఆయన ఎడమ చేయి భుజం నుంచి వేళ్ల దాకా నిమిరింది. తర్వాత మెల్లగా లేచి దర్వాజ దగ్గరికి పోయి, గడప ఒక పక్కన, ఇంకో పక్కన అరచేయి పెట్టి చూసింది. "ఇంటోల్ల సెప్పులన్ని సూసిన, దీన్ని సూడకపోతి" అన్నది. కారు తెచ్చిన కొత్తలో ఈ రాయి తీయించుదామని బాపు అంటే ఇదే అవ్వ మూడు పూటలు అన్నం ముట్టలేదు. ఇంటి గడప తీస్తే ఇంట్లో లక్ష్మి నిలవదని, తాను పోయినాకే ఆ పని చెయ్యమని అన్నది. అమ్మ ఆ సంగతే గుర్తు పెట్టుకుని, కారును బయట చింతచెట్టు కింద పెడదామని అనబోయింది. అవ్వ ఆపింది. "తీయించుండ్రి. నా కొడుకు కంటె ఎక్కువనా?" అన్నది. మర్నాడు పొద్దున గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దండం పెట్టుకున్నాకే గడ్డపారలు పట్టుకొచ్చిన మనుషులను దగ్గరికి రానిచ్చింది.

విన్నంత వరకు విని మా స్వప్న, "ఒక్క స్కాన్ చేయిస్తే గంటలో తేలిపోయేది కదమ్మా" అన్నది. నిజమే. ఆ రోజులు గొప్పవని నేను ఎప్పుడూ అనను. ఇప్పుడు మనిషికీ తెర ఉంది, చక్రానికీ తెర ఉంది. ఏ పక్క ఎంత ఒరిగిందో అంకెల్లో చెబుతుంది, మనం ఫోనులో రిపోర్టు చూసుకుని టీ తాగుతాం. అప్పుడు మాకు తెలిసిందల్లా అరిగిన చెప్పు, ఒక ముసలమ్మ బొటనవేలు. ఆ భయంతో నెలల తరబడి అన్నం తిన్నాం, పడుకున్నాం, పరీక్షలు రాశాం. మళ్లీ అట్లాంటి చలికాలం నా పిల్లలకు వద్దు. బాపు ఆ తర్వాత నిండుగా బతికాడు, ముసలితనంలో నా పిల్లలను ఎడమ భుజం మీదనే ఎత్తుకుని తిరిగాడు. కానీ అంత భయమూ లేకపోతే అమ్మ ఆ సీట్లో కూర్చునేదే కాదు కదా అని కూడా అనిపిస్తుంది. ఏది కావాలో ఎంచుకోమంటే మాత్రం నేను తడుముకోకుండా స్కానే కోరుకుంటాను.

కొత్త ఇరుసుతో కారు ఇంటికి వచ్చిన మర్నాటి పొద్దున నేను పెందలాడే తయారై, పుస్తకాలు పట్టుకుని బజార్లో నిలబడ్డాను. నా సీటు నాకు తిరిగి వచ్చింది కదా. వాకిట్లో బాపు కారు స్టార్టు చేశాడు. కారు కదలలేదు. కాసేపు చూశాను. హారను మోగింది. తొంగి చూస్తే బాపు వంటింటి వైపు చూస్తూ కూర్చున్నాడు. అమ్మ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చి, "ఏంది?" అన్నది.

"బ్రేకు ఎవలు పట్టుకోవాలె?" అన్నాడు బాపు.

"బ్రేకు బాగైంది గద. చెయ్యి గూడ మంచిగనే ఉన్నది గద. ఇంక నేనెందుకు?"

బాపు ఇంజను ఆపలేదు, కారు కదిలించలేదు. స్టీరింగు చక్రం మీద వేళ్లతో తాళం వేసి, "ఇన్ని దినాలు నా చెయ్యినే సూసుకుంట కూసున్నవు. కందకుర్తిల రెండు నదులు కలిసే చోటు సూసినవా? ఎన్నిసార్లు పోయినం!" అన్నాడు.

అమ్మ నిలబడిపోయింది. ఆలోచించింది. "లేదు" అన్నది. తర్వాత పొయ్యి మీద ఏదో ఉన్నదని, నాకు ఆలస్యమవుతుందని ఏవేవో గొణిగింది. అవ్వ మంచం మీద నుంచే, "పొయ్యి నేను సూస్తగని పోవే, పోయి నీళ్లు సూసి రా" అని కేకేసింది. అమ్మ చేతులు కడుక్కుంది. కొంగు సర్దుకుంది. వాకిట్లో ఎక్కకుండా, బాపు కారు బయటికి తెచ్చేదాకా ఆగి, బజార్లోకి వచ్చి, పొద్దున నీళ్లకు పోతున్న నలుగురి ముందు తలుపు తీసుకుని కూర్చున్నది. కారు కదిలేటప్పుడు ఆమె రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. నన్ను ఎవరూ చూడలేదు. నేను నడిచే పోయాను స్టేషనుకు, రైలు తప్పిపోతుందేమోనని సగం దూరం పరుగెత్తాను, దారంతా నవ్వుకుంటూనే పరుగెత్తాను.